మిగతా సగం గురువారం

ఆ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు రోజూ పొద్దున ఆరింటికి పాలు పొంగేవి. ఇల్లాలు ఎదురుగా నిలబడి, చేతిలో గరిటె పట్టుకుని, చూపంతా గిన్నె మీదే పెట్టినా సరే, పొంగేవి. కారణం ఆయన. సరిగ్గా పాలు కాగే వేళకు వంటింటి గడప మీద చేరి, గడ్డానికి సబ్బు నురగ పూసుకుంటూ ఏదో ఒక జబ్బు పేరు ఎత్తుకునేవాడు. ఆ పేరు ఏ భాషలో పుట్టింది, ఎవరింట పెరిగింది, ఎన్ని దేశాలు తిరిగి ఆస్పత్రికి చేరింది, అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చి, అసలు రుచి తగిలే చోట ఠక్కున ఆపేసేవాడు.

"ఆఁ, తర్వాత?" అని ఆవిడ వెనక్కి తిరిగేది. అంతే. సుయ్యిమని పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది.

"మిగతా సగం సాయంత్రం," అనేవాడాయన, గడ్డం గీసుకుంటూ.

"మీ జబ్బులూ మీరూను! అరశేరు పాలు నేలపాలు!" అని ఆవిడ తిడుతూ ఉంటే ఆయన నురగ గడ్డంతోనే జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకునేవాడు. పోయిన పాల లెక్క రాసుకుంటున్నాడేమో అనుకునేది ఆవిడ.

ఆయన పోయి ఇప్పటికి అయిదు నెలలు. ఆవిడ ఇంకా ఆరింటికే లేస్తుంది. గిన్నె చిన్నదయింది. పాలు ఒక్క గ్లాసు. ఈ అయిదు నెలల్లో ఒక్కసారి కూడా పొంగలేదు. పొయ్యి అద్దంలా మెరిసిపోతోంది. అంత శుభ్రంగా ఉన్న పొయ్యిని చూస్తే ఆవిడకు ఎందుకో ఒళ్ళు మండుతుంది.

ఆయన ఉద్యోగం ఆస్పత్రిలో. డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. కాలేయం జబ్బులు చూసే విభాగంలో, పరీక్షల రిపోర్టులు అందించే కిటికీ వెనక గుమాస్తా. చీటీ తీసుకోవాలి, పేరు చూడాలి, కవరు వెతకాలి, కిటికీలోంచి బయటికి తొయ్యాలి. నోటితో పనే లేని ఉద్యోగం. దాన్ని ఆయన మొదటినుంచి చివరిదాకా నోటితోనే చేశాడు.

"మీ కాగితంలో ఒక మాటుంది చూశారూ? దాని పుట్టుక భలే తమాషాగా ఉంటుందండీ," అని మొదలుపెట్టేవాడు కవరు సగం ఇచ్చి, సగం తన చేతిలోనే ఉంచుకుని. అటువైపు మనిషి కవరు లాగినా వచ్చేది కాదు. కథ విన్నాకే వచ్చేది. అదీ సగం కథ. అక్కడ కూడా ఇదే పాట: "మిగతా సగం గురువారం. డాక్టరు గారికి చూపించుకుని, పోతూ పోతూ ఇటు రండి, చెప్తాను."

ఆస్పత్రిలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. 'పుట్టుపూర్వోత్తరాలు' అనేవాళ్ళు.

"పుట్టుపూర్వోత్తరాలు వచ్చాడా?"

"వచ్చి గంటైంది సార్. క్యూ అప్పుడే మెట్లు దిగి రోడ్డెక్కింది."

ఈ విద్య అంతా ఆయనకు ఒక పుస్తకం పెట్టిన భిక్ష. ఆస్పత్రి స్టోరు గదిలో తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన వైద్య నిఘంటువు అది. ఇటుకకు ఇటుక, పుస్తకానికి పుస్తకం. అడిగి తెచ్చుకున్నాడు. కాకపోతే దాంట్లో ఎ, బి రెండక్షరాలూ ఎలకలు తినేశాయి. సి దగ్గర్నుంచి ఏ మాట అడిగినా జాతకం చెప్పేవాడు. ఎ, బి వచ్చాయంటే మాత్రం మొహం చిన్నబుచ్చుకునేవాడు.

"క్షమించాలండీ. మీ మాటను ఎలకలు తినేశాయి."

ఒకసారి ఒక పెద్దమనిషి ఈ ముక్క విని నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి దూసుకెళ్ళాడట. "సార్, నా రక్తంలో ఎలకలున్నాయంట, కిటికీ దగ్గర చెప్పారు!"

కాలేయం రిపోర్టుల్లో నూటికి తొంభై వాటిలో కనిపించే మాట బిలిరూబిన్. అది బి. దానికోసం ఆయన పడిన పాట్లు ఇంకెవరూ పడి ఉండరు. కనపడ్డ ప్రతి డాక్టరునూ వరండాలో అడ్డగించేవాడు. ఎనిమిది నెలలకు ఒక డాక్టరమ్మ చెప్పింది: ఆ మాటలో రెండు ముక్కలున్నాయి, ఒకటి పైత్యరసం, రెండోది ఎరుపు. ఆ సాయంత్రం ఆయన మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు.

"ఏంటి, జీతం పెరిగిందా?" అంది ఆవిడ ఆశగా.

"అంతకంటే పెద్దది. బిలిరూబిన్ దొరికింది!"

"ఎక్కడ పారేసుకున్నారు?" అంది ఆవిడ.

ఇంట్లో బతకడం ఇంకా కష్టం. హెపర్ అంటే కాలేయం, ఐటిస్ అంటే వాపు, రెండూ కలిస్తే హెపటైటిస్ అని ఆవిడకు చెప్పిన రోజునుంచి ఆ ఐటిస్ ఇంట్లో మకాం పెట్టింది. ముసురు పట్టి వీధి తలుపు ఉబ్బి మూసుకోకపోతే తలుపైటిస్. ఆయన చెల్లెలు వచ్చి, మర్యాద చాలలేదని మూతి ముడుచుకుంటే మూతైటిస్.

"వదినా, అన్నయ్య నన్ను ఏదో అన్నాడు. ఏంటది?" అని ఆ ఆడపడుచు వంటింట్లోకి వచ్చి నిలదీస్తే, ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని, "ఏదో వాపులే అమ్మా, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది," అనేది.

ఆవిడ తమ్ముడికి ఒకసారి కామెర్లు వచ్చాయి. పరామర్శకు వెళ్ళిన బావగారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, మందుల సంగతి వదిలేసి, రిపోర్టులో ఉన్న ఇక్టెరస్ అనే మాట పట్టుకున్నాడు.

"పూర్వం గ్రీకువాళ్ళు ఒక పసుపుపచ్చ పిట్టను కూడా ఇదే పేరుతో పిలిచేవాళ్ళురా. రోగి ఆ పిట్టను చూస్తే జబ్బు పిట్టకు పోతుందని వాళ్ళ నమ్మకం. పిట్ట చచ్చిపోయేదిట, మనిషి లేచి కూర్చునేవాడుట."

తమ్ముడు పచ్చటి కళ్ళు విప్పార్చి, "అయితే ఒకటెందుకు బావా, రెండు పట్టుకురా. ఒకటి మందు, ఒకటి ఎగస్ట్రా," అన్నాడు.

"అది నమ్మకంరా, మందు కాదు. మందు గురువారం డాక్టరిస్తాడు. ఇంతకీ ఆ పిట్టకు ఆ పేరు ముందొచ్చిందా, జబ్బుకు ముందొచ్చిందా అనేది అసలు సంగతి..."

"ఏది ముందు బావా?"

"గురువారం."

తమ్ముడు మూడు రోజులు కిటికీ పక్కన మంచం వేయించుకుని ఎగిరే ప్రతి పిట్టనూ అనుమానంగా చూశాడు. గురువారం ఎవరూ పిలవకుండానే తయారై ఆస్పత్రికి పోయాడు.

ఇలాంటి మనిషి మీద ఫిర్యాదు రాకుండా ఉంటుందా? వచ్చింది. సూపరింటెండెంటు పిలిపించాడు.

"రిపోర్టు ఇచ్చేవాడు ఫలితం గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. అది డాక్టరు పని. రూలు తెలుసా నీకు?"

"తెలుసండీ. ఫలితం గురించి నేను నోరు విప్పలేదు. మాట గురించే చెప్పాను."

"రెండూ ఒకటి కాదూ?"

"ఎలాగవుతుంది సార్? మీ పేరు ఎలా వచ్చిందో నేను ఎవరికైనా చెప్పాననుకోండి, మీ గురించి చాడీలు చెప్పినట్టా?"

సూపరింటెండెంటు కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, గొంతు తగ్గించి, "నా పేరు ఎలా వచ్చిందేమిటి?" అన్నాడట.

అయినా కిటికీకి అద్దం బిగించారు. కవరు పట్టేంత కంత ఒకటి కింద వదిలారు. ఇక మాట్లాడతాడా అనుకున్నారు. ఆయన ఆ కంత దగ్గరికి నోరు దించి చెప్పేవాడు. వినేవాళ్ళు నడుము సగానికి వంచి చెవి ఆనించేవాళ్ళు. ఆ ఏడాది కీళ్ళనొప్పుల విభాగానికి జనం పెరిగారని ఆస్పత్రిలో చెప్పుకునేవాళ్ళు.

ఇదంతా వింటే ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి ఆవిడ. నలుగురిలో ఒక మాట మాట్లాడాలంటే పది మాటలు మింగుతుంది. మొగుడేమో ఊరందరినీ ఆపి జబ్బుల పురాణం చెప్తాడు. డాక్టరు చదువు చదవలేకపోయిన కుతి ఇలా తీర్చుకుంటున్నాడని ఆవిడ లోపల్లోపల అనుకుంది. అడగలేదు. ఆయన చెప్తే ఊఁ కొట్టడం ఒక్కటే ఆవిడ పని. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఊఁ. పోయిన రోజు సాయంత్రం కూడా పొద్దుటి మాటకు రెండో సగం చెప్పేసే పడుకున్నాడు. ఆ విషయంలో ఆవిడకు ఆయన మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఇలా రోజులు గడుస్తూ ఉండగా ఒక సోమవారం మధ్యాహ్నం కింది వాటాలో ఉండే దర్జీ అమ్మాయి, మెడలో టేపు వేళ్ళాడుతూ ఉండగానే, ఏడుస్తూ మేడ మీదికొచ్చింది.

"పిన్నిగారూ, మా ఆయన రిపోర్టు ఇవాళ వచ్చింది. సిర్రోసిస్ అని రాసుంది. ఆ కిటికీ దగ్గర అమ్మాయి కవరు తోసి, గురువారం డాక్టరు అని ఊరుకుంది. అప్పట్నుంచి ఈయన అన్నం ముట్టలేదు. డాక్టరు దగ్గరికి చస్తే రానంటున్నాడు. మీకు ఆస్పత్రిలో తెలిసినవాళ్ళున్నారుగా, డాక్టర్ని ఇవాళే చూడమని అడుగుదాం రండి పిన్నిగారూ."

ఆ అమ్మాయి మొగుడు బళ్ళ మెకానిక్. ముప్ఫై అయిదేళ్ళవాడు. ఎంత మొండికేసిన ఇంజన్నయినా కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి. కొద్ది నెలలుగా నీరసం, కాళ్ళవాపు అంటున్నాడు.

ఆవిడ అయిదు నెలల తర్వాత ఆ ఆస్పత్రి గుమ్మం తొక్కింది. కిటికీ అలాగే ఉంది. అద్దం అలాగే ఉంది. వెనక కూర్చున్న కొత్త పిల్ల చకచకా కవర్లు తోస్తోంది. క్యూ అసలు లేదు. డాక్టరు ఊళ్ళో లేడు, గురువారానికి గానీ రాడు. ఏం చెయ్యాలో తోచక ఇద్దరూ నిలబడి ఉంటే, ఆ విభాగంలో తల నెరిసిన నర్సు ఒకావిడ గుర్తుపట్టి గబగబా వచ్చింది. ఆవిణ్ణి అక్కడ అందరూ సిస్టరమ్మ అంటారు.

"వదినగారూ! మీరేంటి ఇలా?"

సంగతి విని సిస్టరమ్మ నిట్టూర్చింది. "అన్నగారుంటే ఇంత అవస్థ ఉండేదా! ఈపాటికి సగం చెప్పి పంపేవారు. మిగతా సగం కోసం గురువారం పొద్దున్నే వచ్చి కూచునేవాడు మీవాడు."

"అంటే?" అంది ఆవిడ.

సిస్టరమ్మ వింతగా చూసింది. "అంటే ఏంటి వదినగారూ? మీకు తెలీదా?"

తెలీదు. అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి సిస్టరమ్మ చెప్పింది.

ఆయన ఆ కిటికీలో చేరిన కొత్తలో ఒక తాపీమేస్త్రీ రిపోర్టు తీసుకున్నాడు. కాగితంలో అంత పొడుగు మాట చూసి, "ఏంటి బాబూ ఇది, ఉంటానా పోతానా?" అన్నాడు. ఆయన రూలు ప్రకారం, "నాకు తెలీదు, గురువారం డాక్టర్ని అడగండి," అన్నాడు. ఆ మేస్త్రీ గురువారం రాలేదు. పై గురువారమూ రాలేదు. మూడు నెలలకు మంచం మీద మోసుకొచ్చారు. బతికాడు గానీ, మొదట్లోనే వస్తే మందులతో పోయేదానికి ఏడాది మంచాన పడ్డాడు. ఎందుకు రాలేదయ్యా అంటే, "ఆ మాటను చూసి భయమేసింది సార్," అన్నాడు.

"ఆ మర్నాడే స్టోరు గదిలో తలుపుకు అడ్డం పెట్టిన పుస్తకం ఇమ్మని నా దగ్గరికొచ్చారు. జబ్బు గురించి చెప్పకూడదని రూలుంది సిస్టరమ్మా, జబ్బు పేరు గురించి చెప్పకూడదని లేదుగా అన్నారు. మొత్తం చెప్తే విని ఇంటికి పోతారు. సగం చెప్తే తిరిగొస్తారు. అదండీ ఆయన కిటుకు. ఆయనున్నన్నాళ్ళూ గురువారం ఇరవై కుర్చీలూ నిండేవి. ఇప్పుడు చూడండి, గురువారం కూడా ఆరేడు ఖాళీ. రిపోర్టు తీసుకుని పోయినవాళ్ళు పోయినట్టే."

ఆవిడ ఆ కిటికీకేసి తిరిగి చూసింది. తర్వాత మెల్లిగా, "మరి ఇంట్లో నాకెందుకమ్మా సగం సగం? నేనెక్కడికి పోతానని?" అంది.

సిస్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంట్లో కూడానా! అదా సంగతి! ఎక్కడ ఆపాలో మీమీద పరీక్ష చేసేవారు వదినగారూ. పొద్దున్నే వచ్చి ఆ చిన్న పుస్తకం తీసి, 'ఇవాళ ఈ మాటకు ఇంట్లో పాలు పొంగాయి. ఇక్కడ ఆపితే ఖాయం సిస్టరమ్మా' అనేవారు. పాలేంటో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు సుమండీ!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దర్జీ అమ్మాయి ఏడుస్తోందేమో అనుకుని చెయ్యి పట్టుకుంది. తీరా చూస్తే నవ్వుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తను ఊరికే ఊఁ కొడుతోంది గానీ వినడం లేదనే అనుకుంటూ వచ్చింది ఆవిడ. పాలకు తెలిసిన సంగతి తనకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి మెకానిక్ సూట్‌కేసు సర్దుతున్నాడు.

"ఎక్కడికి నాయనా ప్రయాణం?"

"అన్నయ్య దగ్గరికి పిన్నిగారూ. ఒక పదిహేను రోజులుండొస్తా."

"మరి గురువారం?"

"ఏం గురువారం? ఒంట్లో బానే ఉంది." చొక్కా మడతపెట్టబోయి ఉండలా చుట్టి పెట్టెలో పడేశాడు. "షెడ్డులో మా మేస్త్రీకి చూపించాను పిన్నిగారూ ఆ కాగితం. 'ఇది తాగుబోతుల జబ్బు కదరా, ఎప్పట్నుంచి మొదలెట్టావు?' అన్నాడు. అందరూ నవ్వారు. నేను జన్మలో చుక్క ముట్టినోణ్ణి కాదు. గురువారం పోయి ఆ కుర్చీల్లో కూచుంటే, చూసినోళ్ళందరూ అదే అనుకోరూ? దీనికి కుట్టుపని ఇచ్చేవాళ్ళు రేపు దీన్ని ఏ మొహంతో చూస్తారు?"

దర్జీ అమ్మాయి పక్క గదిలోకి పోయి, సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కా ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టెను బట్ట మీద రుద్దే చప్పుడులోనే కోపం తెలుస్తోంది.

ఆవిడ ఆ సూట్‌కేసుకేసి చూసింది. ఇతను ఇవాళ గడప దాటితే గురువారం రాడు. ఆ తాపీమేస్త్రీలాగే అవుతుంది. చెప్పాలి. ఏం చెప్పాలో తెలుసు, సిర్రోసిస్ ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన మాట. ఏడాదికి రెండుసార్లయినా వినపడేది. కానీ ఆవిడ తన జన్మలో ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ముందు అతను పోకుండా ఉండాలి కదా అని, చటుక్కున వెళ్ళి సూట్‌కేసు మూతవేసి దానిమీద కూర్చుంది.

"పిన్నిగారూ! అందులో గాజు సీసా ఉంది!"

"ఉండనీ నాయనా. ఆ మాటలో తాగుడు లేదు, తెలుసా నీకు?"

"ఏ మాటలో?"

"నీ కాగితంలో మాటలో. వెతికినా చుక్క సారా దొరకదు. అందులో ఉన్నది వేరే."

మెకానిక్ చేతిలో తువ్వాలుతో నిలబడిపోయాడు. "ఏముంది?"

"చెప్తా. రెండొందల ఏళ్ళ కిందట సముద్రాల అవతల ఒక డాక్టరుండేవాడు. ఇప్పుడు డాక్టర్లు మెళ్ళో వేసుకుని తిరుగుతారే గొట్టం, అది కనిపెట్టింది ఆయనే. మొదట్లో గొట్టం ఎక్కడిది? కాగితం గుండ్రంగా చుట్టి, ఒక కొస రోగి గుండె మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించుకుని విన్నాడు."

"కాగితం చుట్టా?" మెకానిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పనిముట్ల మాట వస్తే అతను నిలబడలేడు. "మేం కూడా ఇంజన్లో చప్పుడు ఎక్కడ్నుంచి వస్తోందో రాడ్డు ఒక కొస చెవికి పెట్టుకుని వింటాం పిన్నిగారూ."

"అదే, నీలాంటోడే. ఆ డాక్టరు ఒకరోజు ఒక కాలేయాన్ని చూశాడు."

"ఎవరి కాలేయం?"

అక్కడే ఆవిడకు చిక్కొచ్చింది. అది శవంలోది. ఈ ప్రశ్న వస్తే ఆయన ఏం చేసేవాడో గుర్తు చేసుకుని, కళ్ళు పెద్దవి చేసింది.

"అది అడక్కూడదు."

"సరే, అడగను. చూసి?"

"చూశాడు. దగ్గరికి తీసుకుని చూశాడు. దీపం దగ్గర పెట్టి చూశాడు. అప్పటిదాకా ఆ జబ్బుకు ఇప్పుడున్న పేరు లేదు. ఆయనే పెట్టాలి. చూడగా చూడగా ఆ కాలేయం ఆయనకు ఒకదాన్ని గుర్తుకు తెచ్చింది. తాగుడుతో దానికేం పనిలేదు. మనం అందరం రోజూ చూసేదే, నువ్వూ చూస్తావు, నేనూ చూస్తాను. దాన్ని గ్రీకు భాషలో ఏమంటారో ఆ మాటే తీసి ఈ జబ్బుకు పెట్టేశాడు. అది ఏంటంటే..."

గదిలో మాడు వాసన గుప్పుమంది. పక్క గదిలో దర్జీ అమ్మాయి ఇస్త్రీపెట్టెను చొక్కా మీదే వదిలేసి, నోరు తెరుచుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లటి మచ్చ, పొగ.

ఆవిడ లేచి నిలబడింది. ఇక్కడే ఆపాలని ఆవిడకు తెలిసిపోయింది.

"మిగతా సగం గురువారం," అంది.

"అయ్యో పిన్నిగారూ! ఏంటది?"

"డాక్టరుకి చూపించుకుని రా. వచ్చాక చెప్తా."

"ఇదన్యాయం!"

"సీసా పగల్లేదు, చూసుకో," అని మెట్లెక్కి పైకి పోయింది ఆవిడ. పోయి తలుపేసుకుని, గోడకు చేరబడి కూర్చుంది.

మంగళవారం పొద్దున మెకానిక్ పంపు దగ్గర ఎదురయ్యాడు. ఊరికి పోలేదు.

"రాయా పిన్నిగారూ?"

"ఏంటి నాయనా?"

"ఆ డాక్టరుకి గుర్తొచ్చింది. రాయేనా? గట్టిగా ఉంటుందని."

"కాదు."

మధ్యాహ్నం దర్జీ అమ్మాయి జాకెట్టు కొలత వంకతో వచ్చింది. "నాకొక్కదానికే చెప్పండి పిన్నిగారూ, ఆయనకి చెప్పను."

"చెప్పకుండా ఉండగలవా?"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, "ఉండలేను," అని వెళ్ళిపోయింది.

బుధవారం మెకానిక్ ఎవరూ అడక్కుండా వచ్చి ఆవిడ ఫ్యానుకు నూనె వేశాడు, కుళాయి బిగించాడు, గ్యాసు పొయ్యి శుభ్రం చేశాడు. ప్రతి పనికీ మధ్యలో ఒక ప్రశ్న. "తాబేలా?" "కాదు." "తేనెపట్టా?" "కాదు." "బీడు ఇనుమా? అది తప్పకుండా అయ్యుంటుంది." "కాదు నాయనా." షెడ్డులో కూడా ఈ సంగతి ఎత్తాడట. అక్కడ ఇప్పుడు తాగుబోతు అన్న మాటే లేదు, అందరూ ఆ డాక్టరుకు ఏం గుర్తొచ్చిందో పందేలు కాస్తున్నారట. మేస్త్రీ కోడిగుడ్డు సొన మీద కాశాడు. మెకానిక్ రెండు పూటలా అన్నం తిన్నాడని, తింటూ తింటూ కూడా ఊహిస్తూనే ఉన్నాడని దర్జీ అమ్మాయి చెప్పింది.

ఆవిడకు మాత్రం ఆ మూడు రోజులూ లోపల బెంగే. వెళ్తాడా? తీరా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తాడా? ఇన్నేళ్ళూ ఇలా ఎంతమంది కోసం ఆయన లోపల్లోపల ఇదే బెంగ పడ్డాడో, పొద్దున గడ్డం గీసుకుంటూ ఆ నురగ వెనక దాన్ని ఎలా దాచుకున్నాడో అని ఆశ్చర్యపోయింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికే మొగుడూ పెళ్ళామూ బయల్దేరారు. ఆవిడ బట్టలుతికి, మేడ మీద దండేనికి ఆరేసింది. దుప్పట్లు, చీరలు, దిండు గలేబులు, దండెం నిండా. పన్నెండైంది. ఒంటిగంటైంది. రెండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. చెప్పులు కూడా విడవకుండా మెకానిక్ మేడ మీదికి వచ్చేశాడు. చేతిలో మందుల సంచి, రిపోర్టు కాగితం.

"చూశాడా డాక్టరు?" అంది ఆవిడ.

"చూశాడు పిన్నిగారూ. తొందరగానే వచ్చావన్నాడు. చిన్నప్పుడెప్పుడో కామెర్లు వచ్చి లోపల నిలిచిపోయిందంట, దాన్నుంచి అంట. తాగినవాళ్ళకే కాదు, ఇలా కూడా వస్తుందంట. మందులు రాశాడు. నెల తర్వాత గురువారం మళ్ళీ రమ్మన్నాడు. ఇవన్నీ తర్వాత, ముందు చెప్పండి. ఏం గుర్తొచ్చింది?"

ఆవిడ మేడ గది చూరు కింద ఉన్న మెట్టు మీద కూలబడింది. పక్కన చోటు చూపించింది. అతను కూర్చోగానే టపటపమని నాలుగు పెద్ద చినుకులు సిమెంటు మీద పడ్డాయి.

కిందినుంచి దర్జీ అమ్మాయి కేక. "పిన్నిగారూ! వాన! బట్టలు!"

మెకానిక్ లేవబోయాడు. "ఉండండి, నేను తీసుకొస్తా."

"కూచో," అంది ఆవిడ. "ఎక్కడికీ పోవు అవి." తర్వాత మెట్లవైపు తిరిగి, ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విననంత గట్టిగా, "తడవనీ అమ్మా! నువ్వూ పైకి రా!" అని అరిచింది.

ఆ అమ్మాయి రెండేసి మెట్లు ఎక్కి వచ్చింది. ముగ్గురూ చూరు కింద ఇరుక్కున్నారు.

"రంగు," అంది ఆవిడ. "ఆ డాక్టరుకి గుర్తొచ్చింది రంగు. పసుపూ కాదు, గోధుమా కాదు, మధ్యలో ఉంటుందే, పండుటాకు రంగు. గ్రీకులో దాన్ని ఏమంటారో అదే ఈ మాట."

"రంగా?" అన్నాడు మెకానిక్. "అంతేనా? ఒట్టి రంగా?"

"ఒట్టి రంగు. పండిన ఆకు చూస్తే భయపడతావా?"

"లేదు."

"ఎవరైనా తాగుబోతు అంటారా?"

అతను తల వెనక్కి వాల్చి నవ్వాడు. అంత నవ్వు ఆ మేడ మీద అయిదు నెలలుగా ఎవరూ నవ్వలేదు.

"ఇంకా ఉంది విను. తర్వాతొచ్చిన డాక్టర్లు చూస్తే అసలు సంగతి రంగులో లేదు, కాలేయం గట్టిపడటంలో ఉంది. కానీ అప్పటికే ఆ పేరు అందరి నోళ్ళకీ అలవాటైపోయింది. మార్చడం ఎవరి తరం?"

"మా మేస్త్రీ అంతే పిన్నిగారూ! ఆరడుగులుంటాడు, ఇప్పటికీ బుడ్డోడనే అంటారు."

వాన జోరందుకుంది. దుప్పట్లు నీళ్ళు పీల్చుకుని బరువెక్కి, దండెం నడుము వంగిపోయి, చీర కుచ్చెళ్ళు నేలకు తగులుతున్నాయి. దర్జీ అమ్మాయి ఒకసారి వాటివైపు, ఒకసారి ఆవిడవైపు చూసింది. ఆవిడ అటు చూసి, చూపు ఇటు తిప్పేసుకుని, మెకానిక్ ఒళ్ళో ఉన్న కాగితంలో రెండో వరస మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఈ మాట ఉంది చూశావూ? దీని పుట్టుక ఇంకా తమాషా..."